లాభమూ ముప్పావూ

1962 జనవరి 2, మంగళవారం, సూర్యాపేట

బియ్యం మిల్లు వాళ్లు సావుకారికి రెండు డైరీలిస్తే ఒకటి నా చేతిలో పెట్టాడు. "రాజలింగం, నీ నోట్లకెంచి వచ్చేవి కొన్ని దీంట్ల రాసుకో. జనానికి జర పీడ తప్పుతది" అన్నాడు. నాలుగో తరగతిదాకా ఉర్దూ బడి, ఆ పైన తెలుగంతా అంగళ్ల బోర్డుల మీద నేర్చిన చదువు నాది. అయినా రాస్తాను. ఇందులో ఎవరినేమన్నా తిరిగి అనేవాడు ఉండడు.

మొదటి మాట వాడి గురించే. గురువారం మా సడ్డకుడు వస్తున్నాడు. నా భార్య అనసూయ చెల్లెలు గిరిజ మొగుడు. పేరు రాధాకృష్ణ, ఊరు కోదాడ, ఉద్యోగం తూనికల ఆఫీసులో. ఏప్రిల్ నుంచి సేర్లు, మణుగులు బంద్, అంతా కిలోలేనట. గంజ్‌లో ధాన్యం తూచే మా దడువాయిలకు ఆ కిలోలు వాడు నేర్పుతాడట. ఇరవై రెండేళ్లుగా కాంటా పట్టినవాడికి, మీసం సరిగా రానివాడు తూకం నేర్పుతాడు.

మకాం మా ఇంట్లోనే.

జనవరి 4, గురువారం

వచ్చాడు. వస్తూనే అనసూయకు వంగి దండం పెట్టాడు. నాకూ పెట్టబోతే "నాకెందుకయ్యా, నేను ఇంకా పాత తూకాన్నే" అన్నాను. నవ్వాడు. ఏమన్నా నవ్వే మనిషితో నాకు పడదు.

గోడకు ఇంత పొడుగు కాగితం తగిలించాడు. పెద్ద తూకాలు, చిన్న తూకాలు, మధ్యలో గీతలు, సున్నలు. తగిలించిన మేకు నాది. నా అంగీ మేకు. సాయంత్రం గంజ్ నుంచి వచ్చి అంగీ విప్పి దాని మీదే వేశాను. ఇకమీదటా అక్కడే వేస్తాను.

జనవరి 5

పాల మీది మీగడ ఎవరి గ్లాసులో పడుతుందో చూస్తున్నాను.

జనవరి 9, మంగళవారం

ఇవాళ గంజ్ షెడ్డులో క్లాసు. పదిహేడు మంది దడువాయిలం, ముప్పైమంది హమాలీలు. నేను ముందే వెళ్లి వాడి మెరుగు కిలో రాయి అడుగున గోలికాయంత చింతపండు అదిమి పెట్టాను. నా పక్కనున్న హమాలీ భీమ్లాకు మాత్రమే తెలుసు.

వాడు రెండు కిలో రాళ్లు రెండు తట్టల్లో పెట్టి, "చూడండి, రెండూ సమానం" అన్నాడు. ఒక తట్ట కిందికి దిగింది. "మా సేరే నయముండె సారూ, పొద్దుమాపు ఒక్కటే తూగుతుండె" అన్నాను. షెడ్డంతా నవ్వింది. ఆ నవ్వు నాలుగు గింజలు నమిలినంత సేపు కూడా లేదు. వాడు రాయి తిప్పి చూశాడు, చింతపండు గిల్లాడు, దాన్ని చిన్న కాంటాలో వేసి తూచాడు.

"పన్నెండు గ్రాములు, అన్నయ్యా. చారుకు సరిపోతుంది" అన్నాడు.

ఇంకొక నవ్వు లేచింది. అది షెడ్డు దాటి బజారుదాకా పోయింది. భీమ్లా గాడు కూడా నవ్వాడు.

ఇంటికొచ్చేసరికి అనసూయకు తెలిసిపోయింది. రాత్రి చారు వడ్డిస్తూ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జనవరి 10

ఇక ఆ క్లాసుకు పోను. నాకెందుకు? మేం తూచేది బస్తాలు. వంద కిలోలు ఒక క్వింటాలు, అది వచ్చు. గ్రాములు కిరాణం వాళ్లకు, కంసాలి వాళ్లకు. అయినా అందులో నేర్చుకునేదేముంది? రూపాయికి వంద కొత్త పైసలు, క్వింటాలుకు వంద కిలోలు, కిలోకు వంద గ్రాములు. గవర్నమెంటుకు వంద మీద మోజు. నాకు ఒక్క నిమిషంలో అర్థమయింది. వాడికి ఆఫీసులో ఆర్నెల్లు నేర్పారట.

జనవరి 17, బుధవారం

గిరిజ మిర్యాలగూడలో తల్లిగారింట్లో ఉంది. ఏడో నెల. పెళ్లయిన ఆరేళ్లకు. అనసూయ నెల రోజులుగా పాత చీరలు దొంతరపెట్టి బొంత కుడుతోంది. దారం తెగితే నాకు చూపించి సూదిలో ఎక్కించమంటుంది.

ఆ చీరల్లో పసుపు అంచుది మా పెళ్లి మూడో ఏట కొన్నది. మాకు పుట్టేవాళ్లకు దాన్ని చింపి బొంత చేద్దామని అప్పట్లోనే పక్కన పెట్టుకుంది. పెట్టెలో పద్నాలుగేళ్లు ఉంది. ఇప్పుడు వాళ్ల బొంతలోకి పోయింది.

పోనీ. పాత చీరే కదా.

జనవరి 24, బుధవారం

సడ్డకుడు తుంగతుర్తి, తిరుమలగిరి వైపు క్లాసులు చెప్పడానికి పోయాడు. అయిదారు రోజులు రాడు. పాలమీగడ నా గ్లాసులో పడింది. రుచి లేదు.

జనవరి 25, గురువారం

మిర్యాలగూడ నుంచి కార్డు వచ్చింది. అత్తమ్మ ఎవరితోనో రాయించింది. అనసూయకు చదువు రాదు, గుమ్మంలో నిలబడి "చదువు, చదువు" అంటోంది. ఇది కార్డు:

‘గిరిజకు నెలలు నిండకనే నిన్న ఆడపిల్ల పుట్టినది. దవాఖానలో తూచినారు. 1 కిలో 75 గ్రాములు. అనసూయను వెంటనే పంపగలరు. రాధాకృష్ణకు తెలియపరచగలరు.’

చదివాను. ‘వెంటనే’ దగ్గర నాకు దగ్గు వచ్చింది, ఆ మాట దగ్గులోనే పోయింది.

"ఎంత తూగిందట?" అంది.

గంజ్‌లో మేం తూకం మొదలుపెడితే ఒకటి అనం, లాభం అంటాం. లాభం, రెండు, మూడు, అలా పోతుంది. ఆ పాటలోనే చెప్పాను. "లాభమూ ముప్పావూ. రూపాయికి డెబ్బై అయిదు పైసలు ఎంత? ముప్పావు. గిదీ గంతే. ఒకటి ముప్పావు కిలో. దగ్గర దగ్గర రెండు సేర్ల పిల్ల."

"నెలలు నిండలే గదా. నన్ను పోనియ్యి."

"గాడ మీ అమ్మ ఉన్నది, దవాఖాన ఉన్నది. సడ్డకుడు వచ్చినంక అందరం కలిసి పోదాం. ఏం, ఆయన బిడ్డ ఆయన లేకుంటే మునిగిపోతదా?"

ఆమె బొంత మడతపెట్టి సంచిలో పెట్టుకుంది. విప్పి మళ్లీ మడతపెట్టింది.

పసిపిల్లలు ఎంత తూగాలో నాకేం తెలుసు? మనుషుల్ని ఎవరు తూచారు ఈ ఊళ్లో?

జనవరి 26

తిరుమలగిరి బస్సు డ్రైవరుతో సడ్డకుడికి కబురు పంపాను. "ఆడపిల్ల, ఒకటి ముప్పావు కిలో, అంతా క్షేమం, నిమ్మళంగ రమ్మను." నా బాధ్యత నేను చేశాను.

జనవరి 28, ఆదివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున గంజ్‌లో ఒక హాస్యం చేద్దామనిపించింది. సడ్డకుడి బిడ్డ ఎంత తూగిందో సరిగ్గా అంత బెల్లం తూపించి, హమాలీలకు పంచుతూ "తూకాల సారు బిడ్డ, నోరు తీపి చేసుకోండ్రి" అనాలని. సత్తయ్య కిరాణం దుకాణానికి పోయాను.

"బెల్లం. ఒక కిలో, డెబ్బై అయిదు గ్రాములు" అన్నాను.

సత్తయ్య కిలో రాయి వేశాడు. తర్వాత అగ్గిపెట్టెలాంటి డబ్బా తీసి అందులోంచి మూడు ఇత్తడి బిళ్లలు వేశాడు. ఒకటి యాభై, ఒకటి ఇరవై, ఒకటి అయిదు. మూడూ కలిపి పిడికిట్లో పెడితే పిడికిలి ఖాళీగానే ఉంటుంది.

"ఏంది సత్తయ్యా పరాచికాలు? ముప్పావు ఏది?"

"ముప్పావు ఎవరడిగిండ్రు? నువ్వు డెబ్బై అయిదన్నవ్."

"డెబ్బై అయిదంటె ముప్పావే కద. వందల డెబ్బై అయిదు."

"కిలోకు వందెక్కడిదయ్యా? వెయ్యి. ముప్పావంటె ఏడువందల యాభై." బెల్లం ముక్క చాకుతో చెక్కి తట్టలో వేస్తూ, "మీ సడ్డకుడే మూడుసార్లు చెప్పె. నువ్వు గాడ లేవా?" అన్నాడు.

కాంటా సమానంగా నిలబడింది. బెల్లం కాగితంలో చుట్టి ఇచ్చాడు. రెండు చేతులూ పట్టవలసిన పని లేదు. ఒక చేతిలో ఉంది.

గంజ్ వైపు పోలేదు. ఇంటికొచ్చి మేకు మీది అంగీ లాగేశాను. గోడ మీద అక్షరాలు ఇంతింత ఉన్నాయి. 1000 గ్రాములు 1 కిలో. ఇరవై నాలుగు రోజులుగా నా అంగీ కింద ఉంది.

అనసూయ వచ్చి "బెల్లం ఎందుకు తెస్తివి?" అంది.

"గింతే" అన్నాను.

"ఏంది గింతే?"

"పిల్ల."

పొట్లం అందుకుంది. చేత్తో ఎత్తి చూసింది. కింద కూర్చుని ఒళ్లో పెట్టుకుని పైటకొంగు కప్పింది. అరిచి ఉంటే బాగుండేది.

తిరుమలగిరి పోయే బస్సు డ్రైవరుకు ఈసారి ఒక్కటే మాట చెప్పాను. "సారును ఎక్కించుకొని రా. ఆగకు." మేం మధ్యాహ్నం మిర్యాలగూడ బస్సెక్కాం.

జనవరి 29, మిర్యాలగూడ

చూశాను. ఎలుకపిల్లలా ఉందని రాయబోయాను. రాయను.

దూదిలో చుట్టి, రెండు పక్కలా వేడినీళ్ల సీసాలు పెట్టారు. కలం సిరా పోసే గొట్టం లాంటిదానితో చుక్క చుక్క పాలు. పీల్చే బలం లేదు. పుట్టినప్పటి నుంచి అత్తమ్మ ఒక్కతే పగలూ రాత్రీ సీసాలు మారుస్తోంది. గిరిజకు జ్వరం. అనసూయను చూడగానే గిరిజ, "అక్కా, ఎంటనే రమ్మని రాపిస్తిమి గదే" అంది.

అనసూయ నా వైపు చూసింది. నేను సీసా మూత బిగిస్తున్నాను.

సాయంత్రం సడ్డకుడు దిగాడు. కార్డు అడిగాడు. ఇచ్చాను. "నిన్ననే అందింది" అన్నాను. తిప్పి చూసి జేబులో పెట్టుకున్నాడు. పోస్టు వాళ్లు ఎప్పుడూ ఆలస్యమే చేస్తారు, అది అందరికీ తెలిసిందే.

ఫిబ్రవరి 1, గురువారం

నర్సమ్మ తూచింది. 990 గ్రాములు. కిలో లేదు.

సడ్డకుడు గోడ వైపు తిరిగాడు. అత్తమ్మ నన్ను అడిగింది. "ఎంతయ్యా?"

"తొమ్మిదివందల తొంభై, అత్తమ్మా."

"ఆనాడు ఒకటేనంటిరి. ఇయ్యాల తొమ్మిదివందల తొంభయ్యా? నా తల్లే, మస్తు పెరిగింది." చెంగు తీసి కళ్లు తుడుచుకుని, బతికితే సమ్మక్కకు పిల్ల ఎత్తు బంగారం ఇస్తానని మొక్కుకుంది. బంగారం అంటే అక్కడ బెల్లమే.

"అవునత్తమ్మా, పెరిగింది" అన్నాను.

జీవితంలో ఎన్నో అబద్ధాలు నవ్వుకోవడానికి ఆడాను. ఇది ఆడాక నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 2

990.

ఫిబ్రవరి 3

990. సీసాలు పద్నాలుగుసార్లు మార్చాను. వాడు పదమూడు.

ఫిబ్రవరి 5, సోమవారం

ఎనిమిది గ్రహాలు ఒక్కచోట కూడి ఇవాళ లోకం మునుగుతుందని ఊరంతా భజనలు. మామూలుగా అయితే ఈ రోజు నాకు పండగ. ఎవరి ఇంటి రేకుల మీదనో నాలుగు గులకరాళ్లు వేసేవాణ్ణి. తీరిక లేకపోయింది. లోకం ఉంది. పిల్ల 1.010.

ఫిబ్రవరి 11, ఆదివారం

సూర్యాపేటలో కాంటా పట్టి, ఆదివారాలు ఇక్కడికి వస్తున్నాను. అనసూయ ఇక్కడే ఉంది. నాతో పనికి తగినంత మాట్లాడుతుంది.

నర్సమ్మ బట్టతో సహా తూచి 1.240 అంది. అందరూ మురిశారు. నాకు ఆగలేదు.

"అమ్మా, బార్దాన్ తీసిండ్రా?" అన్నాను. బస్తా తూచాక గోనె బరువు తీసేయకపోతే ఆ తూకం తూకమే కాదు. బట్ట విడిగా తూపించాను. 120. బార్దాన్ పోను 1.120.

"ఉన్న బరువు కూడ తీసేస్తివి. సల్లబడ్డదా నీ కడుపు?" అంది అనసూయ. చాలా రోజులకు అంత పొడుగు మాట.

సడ్డకుడు మాత్రం, "లేదు వదినా, అన్నయ్య చెప్పిందే సరైన తూకం. ఇకనుంచి ఆయనే తూస్తారు" అన్నాడు. నర్సమ్మ ఒప్పుకుంది.

వాడు మెచ్చుకుంటే ఒళ్లు మండుతుంది. అయినా తూస్తాను.

ఫిబ్రవరి 18

1.240. బార్దాన్ పోను.

ఫిబ్రవరి 25

1.380. నోటితో పీలుస్తోంది. వాడి గొంతు వినబడితే ఏడుపు ఆపుతుంది. నా గొంతుకు మొదలుపెడుతుంది.

మార్చి 4

1.510. పిల్ల చెవులు వాడివే. ముక్కు ఎవరిదో ఇంకా తేలలేదు. నాకు ఆశ లేదు, ఊరికే రాస్తున్నాను.

మార్చి 11, ఆదివారం

1.640.

తూచాక సడ్డకుడు నన్ను వాకిట్లోకి పిలిచాడు. జేబులోంచి కార్డు తీశాడు.

"అన్నయ్యా, దీనిమీద సూర్యాపేట ముద్ర ఇరవై అయిదో తారీఖు ఉంది. మీరు ఇరవై ఎనిమిదిన అందిందన్నారు."

"పోస్టు సంగతి నీకు తెల్వదు..."

"పోస్టు వాళ్ల మీద వెయ్యకండి. ఇరవై ఆరునే డ్రైవరు చెప్పాడు నాకు, ముప్పావు అని. కిలో మీద ఏడువందల యాభై కదా, నెల తక్కువ పిల్ల, పర్లేదనుకున్నాను. ఇంకో ఊళ్లో క్లాసు చెప్పి వద్దామని ఆగాను. డెబ్బై అయిదు గ్రాములని మీరు ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే ఆ బస్సుకే వచ్చేవాణ్ణి."

అప్పుడు చెప్పాను. ఇరవై రెండేళ్ల దడువాయిని, చెప్పాను. "కిలోకు వంద అనుకున్న."

నేను తిట్టు కోసం సిద్ధంగా ఉన్నాను. ఒక్క తిట్టు తిడితే నేను నాలుగు తిట్టి బరువు దించుకునేవాణ్ణి.

"తప్పు నాది కూడా ఉంది. ఆ రోజు చింతపండు తూచి మిమ్మల్ని పదిమందిలో నవ్వులపాలు చేశాను. మీరు మళ్లీ క్లాసుకు రాలేదు. వచ్చుంటే తెలిసేది" అన్నాడు.

తప్పు ఒప్పుకోవడంలో కూడా వీడే ముందు. అది కూడా నాకు మిగల్చలేదు.

"వంద అనుకున్నారు, అది పొరపాటు. మరి ‘వెంటనే’ అని ఉంది కదా, అది?" అన్నాడు.

దానికి గ్రాములూ లేవు, కిలోలూ లేవు. లోపల అనసూయ పిల్లకు బొంత కప్పుతోంది, పసుపు అంచు కనిపిస్తోంది. నేను అటు చూశాను. వాడూ అటు చూశాడు. కార్డు నా చేతిలో పెట్టాడు. "మీ దగ్గరే ఉండనివ్వండి."

మార్చి 14

గంజ్‌లో దడువాయిల పరీక్ష. మూడు కిలోల నలభై గ్రాములను కిలోల్లో రాయమన్నారు. నా పక్కవాడు 3.40 అని రాసి చేతులు దులుపుకున్నాడు. నేను 3.040 రాశాను. మధ్య సున్నను మిగతా అంకెలకన్నా పెద్దగా రాశాను. వాడి మోచేతిని పొడిచి నా కాగితం చూపించాను కూడా. పరీక్ష పెట్టే సారు సడ్డకుడే. చూసీ చూడనట్టు పోయాడు.

మార్చి 18, ఆదివారం, మిర్యాలగూడ

ఇవాళ పొద్దున్నుంచే లెక్క వేసుకుంటూ వచ్చాను బస్సులో. కావాలంటే బట్ట తీయకుండా తూస్తే పోయిన వారమే నాకు కావలసిన అంకె వచ్చి ఉండేది. తీశాను. బట్ట, నడుముదారం, అత్తమ్మ కట్టిన రక్షరేకు, అన్నీ. పిల్ల కాళ్లు తన్నుతోంది, ముల్లు ఆగడం లేదు. నా బొటనవేలు అందించాను. పట్టుకుంది. వేలి బరువు కాంటా మీద పడకూడదని చేయి గాలిలో ఆపి పట్టుకున్నాను.

"ఎంతయ్యా?" అంది అత్తమ్మ.

"అన్నయ్యా, పాట పాడి చెప్పండి. గంజ్‌లో చెప్పినట్టు" అన్నాడు సడ్డకుడు.

"లాభం..." అన్నాను. ముల్లు ఇంకోసారి చూశాను. దగ్గు రాలేదు. "లాభమూ ముప్పావూ."

గిరిజ నవ్వింది. అనసూయ నవ్వలేదు. వచ్చి ముల్లును తనే చూసింది. నెలన్నరగా ఇక్కడ కూర్చుని ఆ అంకెలు నేర్చుకుందట, ఎవరు నేర్పారో అడగనక్కర్లేదు. వేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది. ఒకటి. ఏడు. అయిదు. సున్న. "సరిగ్గనే చెప్పినవ్, ఈసారి" అంది.

పిల్లకు విజయలక్ష్మి అని పేరు పెడతారట. పెట్టుకోనీ. నేను ముప్పావు అనే పిలుస్తాను. పిలిస్తే ఇవాళ ఏడవలేదు. వాడు గదిలోనే ఉన్నాడు కాబట్టి అనుకుంటాను.

బస్సులో కార్డు తీశాను. ‘1 కిలో 75 గ్రాములు’ దగ్గర, అయిదు పక్కన ఒక సున్న పెట్టాను. నేను చెప్పి పంపిన మాట యాభై ఒక్క రోజులు ఆలస్యంగా నిజమైంది.

‘వెంటనే’ను ఏం చేయాలో తెలియలేదు. అట్లాగే ఉంది.